ఎవరి స్కిన్నండీ ఈ కలరు?

"లోపల స్కిన్ కలర్ లైనింగ్ వేసేస్తాం మేడమ్." కమర్షియల్ స్ట్రీట్ నుంచి శివాజీనగర్ బస్టాండు దాకా ఈ మాట చెవిన పడకుండా నికాహ్ బట్టలు కొన్నవాళ్ళు బెంగళూరులో ఎవరైనా ఉంటే, వాళ్ళకి నా సలాం. మా అక్క కూతురి పెళ్ళి కోసం ఆరు ఆదివారాలు తిరిగాను. తొమ్మిది షాపుల్లో ఇదే విన్నాను. పదో షాపులో గుమ్మం దగ్గరే "తెలుసులే నాయనా, లోపలికి రానీ" అన్నాను.

మేం అడిగింది పెద్ద కోరికేం కాదు. చేతులు మణికట్టు దాకా ఉండాలి, మెడ మూసి ఉండాలి, ఒంటికి అతుక్కోకూడదు, తలమీద దుపట్టా నిలవాలి. ఫొటోలో బాగుండాలి. మొదటి నాలుగూ చెప్పినంతసేపూ సేల్స్ కుర్రాడు తల ఊపాడు. ఐదోది చెప్పగానే జాలిగా చూశాడు. రెండూ ఎలా కుదురుతాయి మేడమ్, అని ఆ చూపు. అయినా దయతలచి ఒక మూలకి తీసుకెళ్ళాడు. అక్కడ 'మోడెస్ట్ కలెక్షన్' అని బోర్డు. ఆ మూలలో సిగ్గుపడి లోపలికి దాక్కున్నది ధర చీటీ ఒక్కటే.

తీసిన ప్రతి గౌనుకీ ఫుల్ స్లీవ్సే. అన్నీ నెట్టు. నెట్టంటే మా కదిరిలో దోమతెర. దోమ లోపలికి రాదు, చూపు మాత్రం నిక్షేపంగా వస్తుంది.

"బాబూ, నీ చెయ్యి ఇందులో పెట్టు" అన్నాను. కుర్రాడు మొహమాటపడ్డాడు. మా అక్క గదిమేసరికి పెట్టాడు. నేను ఫోన్‌లో ఫ్లాష్ వేసి ఫొటో తీశాను. పెళ్ళికొడుకు వైపు నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళతో సహా అందరం ఆ ఫోన్ మీద వాలిపోయాం. జర్దోసీ పువ్వుల మధ్య నుంచి అతని చేతి గడియారం కనిపించింది. టైము పదకొండూ ఇరవై. దానికి కాస్త పైన పచ్చబొట్టు, 'అమ్మ' అని. కన్నడంలో ఉన్నా మనం తడుముకోకుండా చదివేయొచ్చు. ఇంకాస్త పైకి జరిపితే టీకా మచ్చ. మా బావకు చూపు ఆనదు, ఆయన కూడా "ఐదు నిమిషాలు స్లో ఉందే గడియారం" అన్నాడు.

"లైనింగ్ వేస్తే కనబడదు మేడమ్" అన్నాడు కుర్రాడు, పౌరుషంగా. సరే, ఆ బిస్కెట్ రంగు గుడ్డ కూడా చేతికి చుట్టించి మళ్ళీ తీశాం. ఈసారి చెయ్యి కనబడలేదు. చెయ్యి మీద బట్ట ఉన్నట్టూ కనబడలేదు. ఉత్త చేతిమీద ఎవరో జరీ పువ్వులు అంటించినట్టుంది ఫొటో. అంటే ఒళ్ళు కప్పుకోవడానికి గౌను కొనాలి, కప్పుకోనట్టు అగపడడానికి దాని కింద లైనింగు కొనాలి. ఈ సదుపాయానికి వేరే ఎనిమిది వందలు.

ఇక్కడిదాకా నేను నవ్వుతూనే ఉన్నాను. అప్పుడా కుర్రాడు లైనింగు ముక్క తీసి మా పిల్ల చేతి పక్కన పెట్టాడు. మా పిల్ల చామనచాయ. "కొంచెం తేడా ఉంది, పర్లేదు, ఎడిటింగ్‌లో ఫెయిర్ చేసేస్తారు" అన్నాడు. పిల్ల చెయ్యి వెనక్కి లాక్కుంది. ఏమిటయ్యా పర్లేదు? ఎవరిది ఆ స్కిన్ కలరు? నాది కాదు, మా అక్కది కాదు, చెబుతున్న నీదీ కాదు. ఊరంతటిలో ఒక్కరికీ లేని రంగుకి చర్మం అని పేరు పెట్టి, తానులు తానులు దింపి, అది లేని పిల్లనే సరిచేస్తామంటారా? తన పెళ్ళి బట్టలు చూసుకోవడానికి వచ్చిన పిల్ల చెయ్యి దాచుకోవాలా? కుర్రాడిని అనడానికి నోరు రాలేదు, వాడికి నేర్పినవాళ్ళు గల్లాపెట్టె దగ్గర కూర్చున్నారు. వాళ్ళని అన్నాను. అన్న మాటలు ఇక్కడ రాయను.

పైగా మేం దూదేకులవాళ్ళం. మా తాతలు దూది ఏకి బతికారు. ("ముస్లిమ్సా? తెలుగు ఎంత బాగా మాట్లాడుతున్నారో!" అని ఆ షాపులోనే ఒకావిడ మెచ్చుకుంది. అమ్మ నేర్పిందమ్మా, ఏం చేస్తాం.) మా మతంలో మగవాళ్ళు అచ్చమైన పట్టు కట్టకూడదంటే, మన నేతగాళ్ళు పైకి పట్టు, ఒంటికి తగిలే వైపు నూలు వచ్చేట్టు ఒకే బట్ట నేశారు. దాని పేరు మష్రూ, అరబీలో 'అనుమతి ఉన్నది' అని. లైనింగు గొడవని మగ్గం మీదే తీర్చేశారు పుణ్యాత్ములు. మైసూరులో 1912లోనే మహారాజు పట్టు కార్ఖానా పెట్టించాడు. అక్కడి క్రేప్ పట్టు ఫ్లాష్‌కి అద్దంలా మెరవదు, కుదురుగా జారుతుంది. పట్టుగూళ్ళ సంత జరిగే రామనగరం ఇక్కడికి 50 కిలోమీటర్లు. ఇవేవీ ఆ మూలలో లేవు. శాటిన్ ఉంది, ఫ్లాష్ పడిన చోటల్లా తెల్లటి మరక, కూర్చుని లేస్తే ప్రతి ముడతా ఫొటోకెక్కుతుంది. నల్ల వెల్వెట్ ఉంది, అది వెలుగంతా మింగేసి పెళ్ళికూతుర్ని చీకటి ముద్ద చేస్తుంది. అద్దాలూ చమ్కీలూ సరేసరి.

చివరికి మెరూన్ రంగు రా సిల్కు తాను కొని, శివాజీనగర్ సందులో ఒక మాస్టర్‌కి ఇచ్చాం. దాని పోగులు ఎగుడుదిగుడుగా ఉంటాయి కాబట్టి వెలుగు ఒకచోట పోగవదు. లోపల కాటన్ లైనింగు, అదీ మెరూనే. శాటిన్ దుపట్టా తలమీద నిలవదు, జారుతుంది. అందుకని దుపట్టాకి జార్జెట్, దాని కింద కాటన్ టోపీ. ట్రయల్ రోజున కిటికీ వెలుగులో ఒకటి, ఫ్లాష్ వేసి ఒకటి తీశాను. గడియారం కట్టుకునే వచ్చింది పిల్ల. టైమెంతో తెలియలేదు.

ఆ లైనింగు ముక్క మాత్రం నా సంచీలోనే ఇంటికొచ్చేసింది. రాత్రి టీ తాగుతూ ఇంట్లో ఉన్న పదకొండు మంది చేతుల మీదా పెట్టి చూశాం. ఒక్కరికీ కలవలేదు. "చిన్నమ్మా, దొరికింది!" అని మా పిల్ల కేక పెట్టింది. దాని చేతిలో మేరీ బిస్కెట్టు ఉంది, సగం టీలో ముంచింది. ముంచని సగానికి సరిగ్గా సరిపోయింది.