రోథెన్‌బుర్గ్‌లో బస్సు దిగి వెనక్కి రాకండి

జర్మనీలో మన తెలుగు సంఘాలు వేసే బస్సు యాత్రల్లో రోథెన్‌బుర్గ్ పేరు తరచూ కనిపిస్తుంది. పొద్దున్నే బయల్దేరి కోటగోడ దగ్గర దిగుతాం. ప్ల్యోన్‌లైన్ కూడలిలో ఫోటోలు దిగుతాం, తెచ్చుకున్న పులిహోర తింటాం, సాయంత్రానికి మళ్లీ బస్సెక్కుతాం. ఆ ఊరు కొండ అంచున ఎందుకుందో, కింద పారే ఏరు ఎటు పోతుందో చూడకుండానే ఇంటికి చేరుతున్నాం. ఆ ఏరు పేరు టౌబర్. వాయవ్యంగా పారి వెర్ట్‌హైమ్ దగ్గర మైన్ నదిలో కలుస్తుంది. దాని వెంట సుమారు వంద కిలోమీటర్ల సైకిలు బాట ఉంది, జర్మన్ సైక్లిస్టుల సంఘం ఏడీఎఫ్‌సీ ఐదు నక్షత్రాలు ఇచ్చిన బాట. వచ్చే వేసవిలో బస్సు మానేసి, పిల్లాపాపలతో మూడు నాలుగు రోజులు ఆ బాట పట్టాలని నేను గట్టిగా అడుగుతున్నాను.

రైన్ నది వెంట ఎందుకు వెళ్లకూడదని కొందరు అడుగుతారు. కోటల దగ్గర రైన్ లోయ చూడ్డానికి బ్రహ్మాండమే. కానీ అక్కడ రెండు గట్లమీదా రైలు పట్టాలు, రెండు గట్లమీదా రోడ్లు. రోజంతా ఆ హోరు పక్కనే తొక్కాలి. టౌబర్ లోయలో పెద్ద నగరమే లేదు. బాటలో ఎక్కువ భాగం పొలాల మధ్య వేసిన తారు దారి, ఎదురొచ్చేది మహా అయితే ఒక ట్రాక్టరు. ఇంకో సౌకర్యం కూడా ఉంది. వైకర్స్‌హైమ్ నుంచి వెర్ట్‌హైమ్ దాకా లోయలోనే రైలు నడుస్తుంది. పిల్లలు అలిసిపోయినా, వాన పట్టుకున్నా, సైకిలు మొరాయించినా దగ్గరి స్టేషనుకు చేరితే చాలు. అయితే రోథెన్‌బుర్గ్ నుంచి వైకర్స్‌హైమ్ దాకా, అంటే మొదటి నలభై కిలోమీటర్లలో ఆ ఆసరా లేదు. అందుకే కష్టమైన భాగాన్ని ఒళ్లు తాజాగా ఉండే మొదటి రోజే పెట్టుకోవాలి.

రైలు సంగతి. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వచ్చేవాళ్లు వ్యుర్త్స్‌బుర్గ్, ష్టైనాఖ్‌లలో మారి రోథెన్‌బుర్గ్ చేరవచ్చు. తిరుగు ప్రయాణం వెర్ట్‌హైమ్ నుంచి మిల్టెన్‌బెర్గ్ మీదుగా అషాఫెన్‌బుర్గ్‌కు. అంతా ప్రాంతీయ రైళ్లే కాబట్టి డాయ్‌చ్‌లాండ్ టికెట్ (దేశమంతటా ప్రాంతీయ రైళ్లకు పనిచేసే నెలవారీ పాసు) చెల్లుతుంది, కానీ అది మనిషికి మాత్రమే. సైకిలు టికెట్ నియమం రాష్ట్రాన్ని బట్టి, స్థానిక రవాణా సంఘాన్ని బట్టి మారుతుంది. ఈ దారేమో బవేరియా, బాడెన్-వ్యుర్టెంబెర్గ్ సరిహద్దును పదేపదే దాటుతుంది. కాబట్టి ఎక్కే స్టేషనునుంచి దిగే స్టేషనుదాకా ఏం కావాలో ముందే చూసి కొనుక్కోండి. ష్టైనాఖ్ నుంచి రోథెన్‌బుర్గ్‌కు వెళ్లేది చిన్న రైలు. అందులో సైకిళ్లకు రిజర్వేషను ఉండదు, చక్రాల కుర్చీలకూ పిల్లల బండ్లకూ ముందు చోటివ్వాలి. ఇరవైమంది ఒకే రైలుకు ఎగబడితే సగంమంది ప్లాట్‌ఫారం మీదే మిగులుతారు. నాలుగైదు సైకిళ్ల జట్లుగా విడిపోయి వేర్వేరు రైళ్లలో రండి. రైలు ఆగకముందే సంచులు సైకిలు మీంచి తీసి భుజాన వేసుకోవాలి. ఈ-బైకైతే బ్యాటరీ కూడా తీసేయాలి. పాతిక కిలోల బండిని మెట్ల మీదికి ఎత్తేటప్పుడు ఆ రెండుమూడు కిలోల తేడా నడుముకు తెలుస్తుంది.

ఈస్టర్ తర్వాత ఏడు వారాలకు వచ్చే పెంటెకోస్ట్ పండగ సెలవుల్లో రోథెన్‌బుర్గ్‌లో మైస్టర్‌ట్రుంక్ ఉత్సవం జరుగుతుంది, గదులు దొరకడం కష్టం. సెప్టెంబరు మంచి సమయం. ఎండ తగ్గుతుంది, ద్రాక్ష కోతలు మొదలవుతాయి. బస కోసం ‘బెట్ ఉంట్ బైక్’ గుర్తున్న ఇళ్లు వెతకండి. ఒక్క రాత్రికైనా గది ఇవ్వడం, సైకిళ్లు తాళం వేసి పెట్టే చోటు, తడి బట్టలు ఆరేసుకునే ఏర్పాటు, చిన్న మరమ్మతులకు పనిముట్లు ఉండటం ఆ గుర్తుకు షరతులు.

ఇక సైకిలు. యాత్రకోసం కొత్తది కొనక్కర్లేదు. రోజూ స్టేషనుకు తొక్కే సైకిలే, గేర్లు సరిగ్గా పడుతుంటే, చాలు. చూడాల్సింది టైర్లు, బ్రేకులు, వెనక చక్రం. టైరు పక్కన 42-622 లాంటి అంకెలు ఉంటాయి: మొదటిది వెడల్పు, రెండోది రిమ్ము కొలత, మిల్లీమీటర్లలో. ట్యూబు కొనేటప్పుడు ఈ రెండూ, వాల్వు రకమూ కలవాలి. జర్మనీలో మూడు రకాల వాల్వులు వాడుకలో ఉన్నాయి కాబట్టి జట్టులో ఎవరిది ఏదో ముందే రాసిపెట్టుకుని, అన్నిటికీ పట్టే పంపు ఒకటి తేవాలి. 42 మిల్లీమీటర్ల టైరుకు, ఎనభై కిలోల మనిషి సామానుతో కూర్చుంటే, వెనక మూడున్నర నుంచి నాలుగు బార్, ముందు అంతకన్నా అర బార్ తక్కువ గాలి ఉండాలి. గాలి తక్కువైతే గుంత అంచుకు టైరు నొక్కుకుని ట్యూబుకు పాముకాటులా పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. అలాంటి పంక్చరుకు టైరులో ముల్లు వెతికి లాభం లేదు, గాలి పెంచడమే మందు.

సామానుతో వెళ్లేవాళ్ల చువ్వలు ఎక్కువగా విరిగేది వెనక చక్రంలో, గేర్ల వైపు. గేరు పళ్లకు చోటివ్వడానికి ఆ వైపు చువ్వలను బిగువుగా, దాదాపు నిలువుగా కడతారు. బరువంతా వాటిమీదే పడుతుంది. బయల్దేరే ముందు చువ్వలను రెండేసి చొప్పున వేళ్లతో నొక్కి చూడండి. ఒకటి మిగతావాటికన్నా వదులుగా ఉంటే షాపుకు తీసుకెళ్లండి. ఒక చువ్వ వదులైతే దాని భారం పక్కదానికి పోతుంది, విరిగేది ఆ పక్కదే. క్యారియరు మీద ఎంత బరువు మోస్తుందో ముద్ర ఉంటుంది, చాలావాటికి 25 కిలోలు. వెనక పిల్లల సీటు బిగించి పద్దెనిమిది కిలోల పాపను కూర్చోబెట్టి, అదే క్యారియరుకు రెండు సంచులు తగిలిస్తే ఆ లెక్క దాటిపోతుంది. పాపను ఒకరు, సామాను ఇంకొకరు మోయాలి. పెద్దలకు మనిషికి ఎనిమిది కిలోల సామాను ధారాళంగా సరిపోతుంది. సంచి తగిలించాక మడమ దానికి తగులుతోందేమో ఒకసారి తొక్కి చూసి, కొక్కేలను వెనక్కి జరుపుకోండి.

మొదటి రోజు మొదటి గండం రోథెన్‌బుర్గ్‌లోనే. స్టేషను కోటగోడ బయట, కొండమీద ఉంది. ఏరు చాలా కింద ఉంది. రాళ్లు పరిచిన వీధుల్లోంచి నిటారుగా దిగాలి. వాన పడితే ఆ రాళ్లు జారతాయి. పిల్లల్ని దించి నడిపించండి. తొక్కుతూ దిగేవాళ్లు బ్రేకును దారంతా నొక్కి పట్టుకోకుండా, గట్టిగా నొక్కి వేగం తగ్గించి వదిలేస్తూ, ముందువీ వెనకవీ రెండూ వాడాలి. డిస్కు బ్రేకులో ప్యాడ్ మందం ఒక మిల్లీమీటరుకన్నా తగ్గితే బయల్దేరకముందే మార్చేయండి.

ఏటివెంట దిగువకు పోతున్నాం కాబట్టి దారంతా వాలే అనుకుంటే మొదటి రోజే నిరాశ పడతారు. క్రెగ్లింగెన్ దాకా లోయ ఇరుకు, బాట గట్టు ఎక్కుతూ దిగుతూ పోతుంది. పైగా ఇక్కడ గాలి ఎక్కువగా పడమటినుంచి వీస్తుంది, మనం పోయేదేమో వాయవ్యానికి. ఎదురుగాలిలో పెద్ద గేరు వేసి కష్టపడితే మోకాళ్లు పట్టేస్తాయి. చిన్న గేరులో నిమిషానికి డెబ్బై ఎనభై సార్లు పెడలు తిరిగేలా తొక్కండి. సీటు ఎత్తు చూసుకోవడం తేలిక: కూర్చుని మడమను పెడలు మీద పెడితే, పెడలు అడుగున ఉన్నప్పుడు కాలు నిటారుగా రావాలి. పెద్దలు గంటకు పదిహేను, ఎనిమిదేళ్ల పిల్లలు పది పన్నెండు కిలోమీటర్లు తొక్కుతారు. అందువల్ల చిన్నపిల్లలున్న కుటుంబాలు ఈ దారిని నాలుగు రోజులకు పంచుకోవాలి.

దారిలో ఆగే చోట్ల గురించి చెప్పకపోతే ఈ వాదనకు అర్థం లేదు. టిల్మన్ రీమెన్‌ష్నైడర్ అనే శిల్పి చెక్కిన మూడు బలిపీఠాలు ఒక్క పూట దూరంలో ఉన్నాయి: రోథెన్‌బుర్గ్ యాకోబ్ చర్చిలో, డెట్‌వాంగ్‌లో, క్రెగ్లింగెన్ ఊరి బయట హెర్‌గాట్స్‌కిర్ఖెలో. మూడోదానికోసం పక్క లోయలోకి కిలోమీటరు పైచిలుకు ఎక్కాలి, ఎక్కండి. రంగు వేయని లిండెన్ చెక్క అది. స్వర్గానికి వెళుతున్న యేసు తల్లి మరియ చుట్టూ ఆయన శిష్యులు నిలబడి ఉంటారు. ముఖాలకన్నా ముందు చేతులు చూడండి. ఉబ్బిన నరాలు, వేళ్ల కణుపులు, పుస్తకం పేజీమీద ఆనిన బొటనవేలు. కింది అరలో పండితుల మధ్య కూర్చున్న ఒక మనిషి రీమెన్‌ష్నైడరే అంటారు. అదే క్రెగ్లింగెన్‌లో యూదుల మ్యూజియం ఉంది. 1933 మార్చి 25న నాజీ మూకలు ఈ చిన్న ఊళ్లో యూదులను పట్టుకుని కొట్టాయి, ఆ దెబ్బలకు ఇద్దరు చనిపోయారు. హిట్లర్ అధికారానికి వచ్చి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు.

వైకర్స్‌హైమ్ కోటలో రిట్టర్‌జాల్ అనే పెద్ద హాలు గోడలమీద సున్నపు దుప్పుల మధ్య ఒక ఏనుగు కూడా ఉంది, పిల్లలకు ముందే చెప్పి వెతకమనండి. బాడ్ మెర్గెంట్‌హైమ్ 1809 దాకా ట్యూటానిక్ యోధుల సంఘానికి కేంద్రం. క్యోనిగ్స్‌హోఫెన్ దగ్గర కుడి ఎడమల ద్రాక్షతోటలే కనిపిస్తాయి గానీ, అక్కడి కొండమీద 1525 జూన్ 2న తిరగబడ్డ రైతులను ప్రభువుల సైన్యం ఊచకోత కోసింది. వ్యుర్త్స్‌బుర్గ్ నగర సభలో సభ్యుడైన రీమెన్‌ష్నైడర్ కూడా ఆ తిరుగుబాటు తర్వాత బిషప్పు చెరలో పడ్డాడు. ఇంకా కిందికి వెళితే నిక్లాస్‌హౌజెన్. 1476లో హాన్స్ బ్యోమ్ అనే పశువుల కాపరి, డప్పు వాయించేవాడు, అడవులూ నీళ్లూ పచ్చికా అందరివీ అని అక్కడ ప్రకటిస్తే జనం వేలల్లో కదిలొచ్చారు. అతన్ని వ్యుర్త్స్‌బుర్గ్‌లో సజీవంగా కాల్చేశారు. వెట్టి కథలు తాతల నోట విన్న తెలంగాణ కుటుంబాలకు ఈ లోయ పరాయిది అనిపించదు. ఇవేవీ బస్సు కిటికీలోంచి కనిపించవు.

తిండి విషయంలో ముందుచూపు తప్పదు. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి, బేకరీలు పొద్దున కొన్ని గంటలే తెరుస్తారు. పల్లె హోటళ్లలో చాలావాటికి సోమ, మంగళవారాల్లో సెలవు, రెండింటినుంచి ఐదున్నరదాకా వంట ఉండదు. శాకాహారులు ఫ్లామ్‌కూఖెన్‌ను (పిజ్జాలాంటి పల్చటి రొట్టె) ‘ఓనె ష్పెక్’, అంటే పందిమాంసం లేకుండా, అని అడగాలి, లేకపోతే పందిమాంసం ముక్కలతో వస్తుంది. మౌల్‌టాషెన్‌లో (కూరిన పిండి సంచులు) సాధారణంగా మాంసం ఉంటుంది. పప్పు కదా అని లిన్జెన్ తెప్పించుకుంటే సాసేజితో రావచ్చు. కేజె-ష్పెట్స్‌లెలో (చీజ్‌తో చేసే నూడుల్స్) గుడ్డు ఉంటుంది. రైస్ కుక్కర్ మోయకండి. అటుకులు, కందిపొడి, ఒక ప్లాస్టిక్ డబ్బాలో నిమ్మకాయ పచ్చడి చాలు. పెరుగు దారిలో కొనుక్కోవచ్చు. నీళ్లకు ఊరి శ్మశానవాటికలోని కుళాయిని జర్మన్ సైక్లిస్టులే వాడతారు, ‘కైన్ ట్రింక్‌వాసర్’ (తాగే నీరు కాదు) అని బోర్డు లేకుంటేనే నింపుకోండి.

ఇది ద్రాక్షతోటల లోయ, టౌబర్‌ష్వార్ట్స్ అనే ఎర్ర ద్రాక్ష ఇక్కడి పాత పంట. రుచి చూడటం సాయంత్రం బసకు చేరాకే. రక్తంలో ఆల్కహాలు 1.6 ప్రొమిలె (వెయ్యికి 1.6 వంతులు) చేరితే సైకిలు తొక్కడం కూడా నేరం. తూలుతూ నడిపినా, ప్రమాదం చేసినా 0.3 దగ్గరే చిక్కు మొదలవుతుంది. ఎనిమిదేళ్లు నిండని పిల్లలు ఊళ్లలో ఫుట్‌పాత్ మీద గానీ, రోడ్డుకు విడిగా కట్టిన సైకిలు బాటమీద గానీ తొక్కాలి, తోడుగా ఒక పెద్ద మనిషి వాళ్లతో అక్కడే తొక్కవచ్చు. హెల్మెట్ చట్టం అడగదు, మన సంఘం మాత్రం నియమంగా పెట్టాలి.

కార్యవర్గం చేయాల్సింది ఎక్కువ లేదు. ఫిబ్రవరిలోగా తేదీలు ప్రకటిస్తే రోథెన్‌బుర్గ్‌లో రోస్‌మ్యూలె యువజన వసతిగృహంలాంటి చోట కుటుంబ గదులు దొరకవచ్చు. మే నెలలో ఒక శనివారం ఊరి పార్కులో అందరి సైకిళ్లూ వరసగా నిలబెట్టి చువ్వలు, బ్రేకులు, వాల్వులు చూసుకోవాలి. ఆ రోజే ప్రతి ఇంటినుంచి ఒకరు, ఆడవాళ్లైనా మగవాళ్లైనా, ట్యూబు మార్చడం సొంతంగా ఒకసారి చేసి చూపాలి.