పురికొస బడ్జెట్టు

పెళ్ళి ఖర్చు తగ్గించడానికి మనవాళ్ళు కనిపెట్టిన సరికొత్త మార్గం పురికొస. నమ్మకపోతే తెనాలిలో మా పిన్నివాళ్ళింటికి రండి, ఇంకా ఒకటిన్నర ఉండ మిగిలే ఉంది.

మాఘమాసంలో పెళ్ళి పెట్టుకున్న మా చెల్లి సంక్రాంతికి ఫోన్ చేసింది. "అన్నయ్యా, శుభలేఖలు ప్రెస్సులో వేయించట్లేదు, మనమే చేతితో చేసేస్తున్నాం. బడ్జెట్ పెళ్ళి కదా!" ఆ 'మనమే' వినగానే నేను సిగ్నల్ లేనట్టు నటించి ఉండాల్సింది. మీరైతే నటించేవాళ్ళే, మీకు తెలివుంది. నేను రైలెక్కాను.

వెళ్ళేసరికి హాలు హాలులా లేదు, బీడీల కార్ఖానాలా ఉంది. చాప మీద పిన్ని, అత్తయ్య, ఇద్దరు మరదళ్ళు, పక్కింటావిడ. మధ్యలో మట్టిరంగు అట్టలు 350. ఒక్కో కార్డుకి జరగాల్సిన సంస్కారాలు ఇవి: అట్ట మడవాలి, అచ్చు పెట్టి స్కెచ్ పెన్నుతో పేర్లు రాయాలి, ఎండబెట్టిన బంతి రేకులు అంటించాలి, పురికొసతో 'బో' ముడి వేయాలి, దాని మీద లక్క ముద్ర కొట్టాలి. అవును, లక్క ముద్ర. మా బాబాయి రిటైరైన గుమస్తా, నిజాం నవాబు కాదు. అయినా ఆయన కూతురి పెళ్ళికబురు ఫర్మానాలాగే వెళ్ళాలట. లక్క కరిగించడానికి పిన్ని పోపు గరిటె బలైంది. ఆ తర్వాత వారం రోజులు ఆ ఇంట్లో చారు తాగిన ప్రతివాడి కడుపులోనూ కొంత రాజముద్ర ఉంది.

మగవాళ్ళం ఏం చేశామంటారా? పర్యవేక్షించాం. "ముడి కొంచెం ఎడమకి పోయిందత్తయ్యా" అనడం తేలిక పని కాదు. గ్లూ గన్‌తో రెండో మరదలి బొటనవేలు కాలింది. ఇంట్లో ఎండబెట్టిన బంతి రేకులకి బూజు పట్టింది, ఆన్‌లైన్‌లో ఎండు పూలు కొన్నారు. ఇంటి ముందు బంతి చెట్టు విరగబూసి ఉండగా, ఎక్కడో ఎండిన పూలు అట్టపెట్టెలో కొరియర్‌లో వచ్చాయి! మూడో రోజు పెదనాన్న కళ్ళజోడు సర్దుకుని ఒక కార్డు చదివి, "వధ వరులను ఆశీర్వదించమన్నారు, సరే. ముందు ఆ వధ ఎవరిదో చెప్పండమ్మా" అన్నాడు. అచ్చులో దీర్ఘం కొమ్ము ఎగిరిపోయింది. అప్పటికే 140 కార్డులు అలాగే తయారయ్యాయి. అందరూ మళ్ళీ కూర్చుని కొమ్ములు పెట్టారు. ఆ పని ఒక్కటే నేను కూడా చేశాను, చెప్పుకోవాలి కదా.

లెక్క చూద్దాం. ప్రెస్సాయన కార్డు 22 రూపాయలకి ఇస్తానన్నాడు, మొత్తం 7,700. మనం ఆదా చేసిన తీరు: అట్టలు 4,200, పురికొస 640, లక్కా ముద్రా 2,150, గ్లూ గన్లు వాటి కడ్డీలు 900, ఎండు పూలు 1,400, ఆటోలు, పనివాళ్ళకి, అంటే మాకే, బిర్యానీలు 3,600. వెరసి 12,890. చెల్లి దీన్ని ఎక్సెల్‌లో వేసి, కింద 'ప్రేమతో చేసింది, వెలకట్టలేం' అని రాసింది. వెలకట్టాం కదమ్మా, పై గడిలోనే ఉంది.

మండపం అలంకరణ గురించి ఎక్కువ చెప్పను. ఖాళీ పచ్చడి సీసాల్లో సీరియల్ లైట్లు వేసి వేలాడదీశారు. ఎంత కడిగినా గోంగూర గోంగూరే. ఇంతకీ గుమ్మానికి మామిడాకులు గుచ్చినప్పుడు, అడ్డుతెర మీద స్వస్తిక్ వేసినప్పుడు, శుభలేఖ నాలుగు మూలలా పసుపు అద్దినప్పుడు మనం ఏం చేస్తున్నామనుకున్నారో! అదంతా చేతిపని కాదా? దానికి 'డూ ఇట్ యువర్‌సెల్ఫ్' లాంటి ఇంగ్లీషు పేరు లేదు, అంతే తేడా.

మగపెళ్ళివారిది హైదరాబాదు. వాళ్ళ శుభలేఖ ఛత్తా బజార్‌లో చేయించారు, పెట్టె తెరిస్తే బాదం, జీడిపప్పు. మా కార్డు చూసి పెళ్ళికొడుకు తల్లి "సింపుల్‌గా, క్యూట్‌గా ఉంది" అంది. స్టేజీకి మాత్రం అసలు పూలే ఉండాలంది. కడియం నుంచి వ్యాను దిగింది. బిల్లు బాబాయిది.

ఇక్కడిదాకా నవ్వుతూనే రాశాను. ఆ ఎక్సెల్ ఇంకోసారి తెరిచాను, ఇప్పుడు నవ్వు రావట్లేదు. పురికొస 640 ఉంది. కట్నం 25 లక్షలు లేదు. ఆడపడుచు లాంఛనం లక్ష, అదీ లేదు. "మాకేం వద్దండీ, మీ అమ్మాయికి మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం" అని కాళ్ళు చాపుకుని కాఫీ తాగినవాళ్ళకి బాబాయి తన పీఎఫ్ మొత్తం ఊడ్చి ఇచ్చాడు. ఆయన మిగుల్చుకోవాలని చూసింది ఆ 7,700! దానికోసం ఐదుగురు ఆడవాళ్ళు నడుములు విరగ్గొట్టుకున్నారు, ఒక పిల్ల వేలు కాల్చుకుంది. ఎవడికి సిగ్గుండాలి? కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ నేరమని చట్టం 1961లోనే వచ్చింది. దాని కింద వచ్చిన 1985 నియమాలు ఇంకో మాట కూడా చెప్పాయి: పెళ్ళిలో వచ్చిన కానుకలు ఏవి, సుమారు విలువెంత, ఎవరిచ్చారు, వాళ్ళు ఏమవుతారు, అన్నీ కాగితం మీద రాసి వధూవరులిద్దరూ సంతకం పెట్టాలి. చేతితో చేయాల్సిన కాగితం అదీ! లక్క అక్కర్లేదు, బంతి రేకులు అక్కర్లేదు, ఒక తెల్లకాగితం, ఒక పెన్ను. ఇంటి నిండా అట్టలు పరుచుకున్న మాలో ఒక్కరికీ అది తట్టలేదు. తట్టినా ఎవరూ నోరెత్తేవాళ్ళు కాదు, నాతో సహా. నేను కొమ్ములు పెడుతున్నాను అప్పుడు.

మొన్న వెళ్తే బాబాయి బ్యాంకు కాగితాలన్నీ కట్టగట్టి బీరువాలో సర్దుతున్నాడు. మిగిలిన పురికొసతోనే. 'బో' ముడి చక్కగా వేశాడు, కొంచెం ఎడమకి పోయింది. నేనేమీ అనలేదు.