30 రోజుల గడువు గారికి

అయ్యా,

కన్నడం నేర్పే పుస్తకం అట్ట మీద ఎర్రటి చుక్కలో వెలిగిపోతున్న తమరికి నమస్కారం. బెంగళూరు మెజెస్టిక్ బస్టాండు దగ్గర తమరిని కొని నాలుగేళ్లయింది. నా 30 రోజులు ఇంకా పూర్తి కాలేదు.

తమరు ఏ మహానుభావుణ్ణి చూసి లెక్క వేశారో గాని, మా ఇంట్లో నలుగురం ఉన్నాం. అమ్మ రైలు దిగిన రోజే బస్సు బోర్డులన్నీ గడగడా చదివేసింది. మన లిపి, వాళ్ల లిపి ఒక తల్లి బిడ్డలే కదా. అర్థం అడిగితే మాత్రం “అది నీ పని” అంటుంది. రెండో తరగతి చదివే మా అమ్మాయి ముందు కన్నడంలో పోట్లాడటం నేర్చుకుంది, మాట్లాడటం తర్వాత. మా ఆవిడ తమరి అట్ట కూడా తిప్పలేదు. కూరగాయల బండి దగ్గర నదురూ బెదురూ లేకుండా తప్పులు మాట్లాడి, ఆరు నెలల్లో కొసరు కరివేపాకు రాబట్టే స్థాయికి చేరింది.

నాకేమో వ్యాకరణం కంఠతా వచ్చు. మన ‘ప’ చాలాచోట్ల వాళ్లకు ‘హ’. పాలు హాలు, పులి హులి, పువ్వు హూవు. ఆ ధీమాతో కొట్లో ‘హప్పు’ అడిగాను. కొట్టతను కాసేపు ఆలోచించి అప్పడాల కట్ట చేతిలో పెట్టాడు. అప్పడాన్ని వాళ్లు ‘హప్పళ’ అంటారట. ఇంకొక ఘనకార్యం: కన్నడంలో ‘అన్న’ అంటే అన్నం, తోబుట్టువు కావాలంటే నాలుక మడిచి ‘అణ్ణ’ అనాలి. ఇన్నాళ్లూ కూరగాయలాయనను “అన్నమా, టమాటా ఎంత?” అని అడుగుతున్నానన్నమాట!

1959లో జాన్ కారొల్, స్టాన్లీ సాపన్ అనే అమెరికన్లు పరభాష నేర్చే శక్తిని కొలిచే పరీక్షను అచ్చు వేశారు. ధ్వనిని పట్టుకుని గుర్తుంచుకోవడం వేరు, వ్యాకరణాన్ని పసిగట్టడం వేరు అన్నాడు కారొల్. మొదటిది మా అమ్మాయి వాటాకు పోయింది, నాకు రెండోదే మిగిలింది. అదే ఏడాది గార్డ్‌నర్, లాంబర్ట్ అనే మనస్తత్వవేత్తలు మాంట్రియల్‌లో ఫ్రెంచ్ నేర్చుకుంటున్న విద్యార్థులను పరిశీలించి, శక్తి ఒకటి, నేర్చుకోవాలన్న పట్టుదల మరొకటి అని తేల్చారు.

నా పట్టుదలకు గండి కొట్టింది ఆ కూరగాయలాయనే. “ఎష్టు” అని నేను నోరు తెరవగానే “కిలో నలభై సార్” అని చక్కని తెలుగులో అందుకుంటాడు. మా ఆవిడతో మాత్రం కన్నడమే. ఆవిడ తప్పు దొర్లినా ఆగదు. నేను సరైన విభక్తి కోసం ఆగుతాను. ఆ సందులో ఆయన తెలుగు దూరుతుంది.

పైగా తమరు 11వ రోజున నాకు నేర్పిన వాక్యం “నిన్న నేను రాజభవనానికి వెళ్లాను”. ఇంతవరకు ఎవరూ అడగలేదు.

తదుపరి ముద్రణలో తమరి పక్కన ‘ఎవరికి’ అన్న మాట కూడా, చిన్న అక్షరాల్లోనైనా సరే, వేయించగలరు.

ఇట్లు,
నాలుగేళ్లుగా తమరి 11వ రోజులోనే కాపురం ఉంటున్న
ఒక మారతహళ్లి వాసి