మిర్చి సీజన్‌లో విరిగిన కాలు

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి పోటెత్తే ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే హమాలీ నాలుగు రాళ్లు వెనకేసుకునేది. సరిగ్గా అప్పుడే, తెల్లారగట్ల పనికి వస్తుంటే కారు గుద్ది కాలు విరిగిందనుకోండి. ఆరోగ్యశ్రీలో రాడ్డు వేసి ఇంటికి పంపుతారు. డిశ్చార్జి చీటీ అడుగున డాక్టరు ఒక ముక్క రాస్తాడు: మూడు నెలలు బరువులు ఎత్తొద్దు. ఆపరేషన్‌కు సర్కారు డబ్బు కట్టింది. ఆ మూడు నెలల కూలి ఎవరు కడతారు?

చట్టం లేదని కాదు. రోడ్డు ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో కేసు వేస్తే మంచంలో గడిపిన రోజుల సంపాదన కూడా పరిహారం లెక్కలోకి వస్తుంది. వైకల్యం ఎంత శాతమన్నది ఒక్కటే కాదు, ఆ మనిషి చేసే పనికి ఎంత దెబ్బ తగిలిందో చూడాలని రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. చేయి పోతే గుమాస్తా కొలువు నిలవొచ్చు, వడ్రంగి బతుకు నిలవదు. ఎముక విరిగినా తీవ్ర గాయమే కనుక, తప్పు ఎవరిదని నిరూపించకుండానే 2.5 లక్షలు ఇచ్చే మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ కూడా 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది.

అయితే ఇవన్నీ కోర్టు మెట్లెక్కాక వచ్చే డబ్బులు. హమాలీకి జీతం చీటీ ఉండదు, సంపాదన ఎంతో రుజువు చేయడానికే వాయిదాలు. ఈలోపు ఇల్లు గడవాలంటే నూటికి మూడు రూపాయల మిత్తికి అప్పు, అంటే ఏడాదికి 36 శాతం. చివరికి ట్రిబ్యునల్ పరిహారంపై వేసే వడ్డీ మామూలుగా 6 నుంచి 9 శాతం. గెలిచిన కేసులోనూ ఓడేది గాయపడినవాడే.

ఎవరూ గుద్దకుండా సొంత బండి జారి పడితే ఆ కేసూ లేదు. బండి యజమాని తప్పనిసరిగా తీసుకునే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ప్రాణం, కాలుచేతులు, కళ్లు పోతేనో, శాశ్వతంగా పనికి దూరమైతేనో పలుకుతుంది. అతుక్కునే ఎముకకు పైసా రాదు. అదే 21 వేల లోపు జీతంతో ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా)లో ఉన్న కార్మికుడు డ్యూటీలో గాయపడితే జీతంలో 90 శాతం అందుతుంది. న్యూజిలాండ్‌లో 1974 నుంచీ తప్పొప్పులతో పని లేకుండా, రెండో వారం నుంచి సంపాదనలో 80 శాతం ఇస్తున్నారు.

అంత దూరం ఎందుకు? పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ 2019 డిసెంబరులో ఆరోగ్యశ్రీ రోగులకు కోలుకునే కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 5 వేలు ఇవ్వడం మొదలుపెట్టింది. ఏ ప్రభుత్వం పెట్టిందన్న పట్టింపు మాకు లేదు. ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలకు పెంచిన తెలంగాణ, ఆ చీటీలోని ‘మూడు నెలలు’ అన్న మాటనే ఆధారంగా తీసుకుని అలాంటి భత్యాన్ని డిశ్చార్జి రోజే మంజూరు చేయాలి. బాధితులకు మధ్యంతర సాయానికి పథకం పెట్టే అధికారాన్ని 164ఏ సెక్షన్ కేంద్రానికి ఇచ్చింది. ఆ సాయాన్ని నెలనెలా చేతికందే డబ్బుగా మార్చాలని ఓరుగల్లు ఎంపీలు ఢిల్లీలో అడగాలి, వచ్చే మిర్చి సీజన్ లోపే.