సవరణ: నాలుగు వారాల పోర్చుగీస్ కోర్సు గురించి

లిస్బన్‌లో నాలుగు వారాల ఇంటెన్సివ్ కోర్సు చేస్తే పోర్చుగీస్‌లో ఏ2 స్థాయికి (భాషలో మొదటి మెట్టు ఏ1, దాని తర్వాతిది ఏ2) చేరిపోవచ్చనీ, ఆ సర్టిఫికెట్ పోర్చుగల్ పౌరసత్వానికి కూడా పనికొస్తుందనీ పోయిన పోస్టులో రాశాను. రెండూ తప్పే.

ముందు గంటల లెక్క. నేను చెప్పిన కోర్సు 80 గంటలది. వలస వచ్చినవాళ్ల కోసం పోర్చుగల్ ప్రభుత్వం ఉచితంగా నడిపే కోర్సులో ఏ1, ఏ2 కలిపి 150 గంటలు. సగం దారిలోనే ఊరొచ్చేసిందన్నాను!

సర్టిఫికెట్ సంగతి ఇంకా ముఖ్యం. ఏదో ఒక ప్రైవేటు స్కూలు ఇచ్చిన కాగితం చాలదు. మనలాంటివాళ్లకు మామూలు దారులు రెండు: పై ప్రభుత్వ కోర్సు పూర్తి చేయడం, లేదా సిప్లె అనే ఏ2 స్థాయి పోర్చుగీస్ పరీక్ష పాసవడం. సిప్లెలో చదవడం, రాయడం కలిపి 45 శాతం, వినడానికి 30, మాట్లాడటానికి 25. పాసవడానికి 55 రావాలి.

అలాగని ఇంటెన్సివ్ కోర్సు దండగ అనను. లిస్బన్ వాళ్లు మాటల్లో అచ్చులు మింగేస్తారు. 'టెలిఫోన్' కాస్తా 'ట్ల్‌ఫోన్' అన్నట్టు వినిపిస్తుంది. మాట చివర అచ్చు వినడం అలవాటైన తెలుగు చెవికి మొదట్లో ఒక్క ముక్క అందదు (నాకైతే బస్సులో స్టాపు పేర్లు కూడా అర్థమయ్యేవి కావు). రోజుకు నాలుగు గంటలు టీచర్ ఎదురుగా కూర్చుంటే చెవి త్వరగా దారికొస్తుంది. ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోను.

ఇప్పటికే ఫీజు కట్టినవాళ్లు మానుకోనక్కర్లేదు. కోర్సు అయిన మరుసటి వారానికే పరీక్ష పెట్టుకోకండి, అంతే.