లాక్టిక్ యాసిడ్ మీద పడ్డ నింద

ఈ మధ్య ఏ ఫ్యామిలీ గ్రూపు తెరిచినా ఇదే మెసేజ్: "గట్టిగా వ్యాయామం చేస్తే ఒంట్లో లాక్టిక్ యాసిడ్ పేరుకుపోతుంది. మర్నాటి నొప్పులు దానివే. క్యాన్సర్ పెరిగేది ఆ యాసిడ్‌లోనే అని కనిపెట్టినందుకే వార్‌బర్గ్‌కు నోబెల్ ఇచ్చారు. రోజూ వంటసోడా నీళ్లు తాగండి." ఇది చదివి మా పిన్ని సాయంత్రం నడక మానేసింది.

ముందు నొప్పుల సంగతి. లాక్టిక్ యాసిడ్ ఒంట్లో ఉండేది లాక్టేట్ రూపంలో. పరుగు ఆపిన గంటా గంటన్నరలో రక్తంలో లాక్టేట్ మామూలు స్థాయికి దిగిపోతుంది. మర్నాడు పొద్దున నొప్పి పెట్టడానికి అదక్కడ ఉండదు. అలిపిరి మెట్లు ఎక్కి, నడిచే దిగి చూడండి. ఆయాసమంతా ఎక్కేటప్పుడే, లాక్టేట్ ఎక్కువగా తయారయ్యేదీ అప్పుడే. రెండో రోజు తొడలు పట్టేసి కుర్చీలోంచి లేవనివ్వకుండా చేసేది మాత్రం ఎక్కువగా ఆ దిగడమే. దిగేటప్పుడు కండ సాగుతూనే బరువు ఆపాలి కదా, దాని పోగులకు సన్నటి గాయాలవుతాయి.

పేరుకుపోవడమూ లేదు. గుండె దాన్ని ఇంధనంగా వాడుకుంటుంది, కాలేయం తిరిగి గ్లూకోజ్‌గా మార్చేస్తుంది.

జర్మన్ శాస్త్రవేత్త ఒట్టో వార్‌బర్గ్‌కు 1931లో నోబెల్ వచ్చింది కణాల శ్వాసక్రియకు సంబంధించిన ఎంజైమ్ మీద చేసిన పనికి. క్యాన్సర్‌కు కాదు.

అలాగని క్యాన్సర్ ముక్క మొత్తం కల్పనేం కాదు, చిక్కంతా అక్కడే. ఆక్సిజన్ ఉన్నా కణితి కణాలు గ్లూకోజ్‌ను ఎడాపెడా లాక్టేట్‌గా మార్చి బయటికి తోస్తాయని 1920లలో గమనించింది వార్‌బర్గే. క్యాన్సర్ ఎక్కడుందో చూసే పెట్ స్కాన్‌లో చాలా కణితులు మెరిసేది ఆ గ్లూకోజ్ ఆకలి వల్లనే. లాక్టేట్‌తో పాటు బయటపడే ఆమ్లం కణితి చుట్టూ పీహెచ్‌ను (ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే కొలత) 6.5 దగ్గరికి కూడా దించగలదు. క్యాన్సర్‌తో పోరాడటానికి అక్కడికి చేరిన టి-కణాలు, అంటే రోగనిరోధక కణాలు, నీరసిస్తాయి. కానీ ఇది కణితి పగలూ రాత్రీ తన చుట్టూ తాను తయారుచేసుకునే బురద. పరుగులో పుట్టిన లాక్టేట్ వచ్చి పోయే వాన నీరు. రెండిటికీ పేరొక్కటే.

మరి వ్యాయామం నిజంగా క్యాన్సర్‌ను పెంచుతుందా? పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో అయిన 889 మందితో చేసిన ట్రయల్ ఫలితాలు 2025లో వచ్చాయి. దగ్గరుండి వ్యాయామం చేయించిన జట్టులో ఐదేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు 80.3 శాతం, పుస్తకాలిచ్చి వదిలేసిన జట్టులో 73.9 శాతం.

ఇక ఆ యాసిడ్‌ను విరుస్తుందని తాగమంటున్న వంటసోడా. రక్తం పీహెచ్‌ను 7.35–7.45 మధ్య ఊపిరితిత్తులు, కిడ్నీలే కాపాడుకుంటాయి. మనం తాగిన సోడాలో ఎక్కువైంది మూత్రంలో పోతుంది. ఈలోగా ఒంట్లోకి చేరేది సోడియం. మా పిన్నికి పదేళ్లుగా బీపీ.