సీపైథాన్‌లో కాపురముంటున్న స్విచ్ గారికి

మహారాజశ్రీ స్విచ్ గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

మీరు నన్నెరగరు. పైథాన్ ప్రోగ్రాముల్ని నడిపే సీపైథాన్ అనే సాఫ్ట్‌వేర్‌లో, బైట్‌కోడ్ అనే చిన్న చిన్న సూచనల్ని ఒక్కోదాని నెంబరు చూసి దాని కేసుకి, అంటే ఆ పని చేసే కోడుముక్కకి, పంపే గేటు తమరు. నేను రాసిన ప్రోగ్రాములు మాత్రం మీ గుమ్మం తొక్కి తొక్కి అరిగిపోయాయి. మొన్నమొన్నటి దాకా రెండంకెలు కూడే ఫంక్షన్‌కి నాలుగు దర్శనాలు: మొదటి అంకె తెచ్చుకోడానికి ఒకటి, రెండోదానికి ఒకటి, కూడటానికి ఒకటి, జవాబు పట్టుకెళ్లడానికి ఇంకోటి. వెళ్లిన ప్రతిసారీ "నెంబరెంత?" అంటారు. మండలాఫీసు గుమాస్తా కూడా మూడోసారికి మొహం గుర్తుపడతాడండీ.

ప్రాసెసర్ గోల కూడా అదే. అందరూ ఒకే గేటులోంచి దూకుతుంటే, తర్వాత ఎవరెటు పోతారో దానికి ముందుగా ఊహ అందదు. అందుకే 2009లో, పైథాన్ 3.1 వెర్షన్‌లో, కంప్యూటెడ్ గోటూ అని దొడ్డిదారి వేశారు. పని ముగించిన సూచన గేటుకి రాకుండా అటునుంచి అటే తర్వాతి గదిలోకి దూకేస్తుంది. సీపైథాన్ కోడుని యంత్రభాషలోకి మార్చే కంపైలర్లలో జీసీసీ, క్లాంగ్‌లకి ఆ విద్య వచ్చు. మైక్రోసాఫ్ట్ కంపైలర్‌కి రాదు కాబట్టి విండోస్‌లో మీ దర్బారు అలాగే సాగింది.

అసలు తమాషా 3.11లో. కూడికకో కేసు, తీసివేతకో కేసు, గుణకారానికో కేసు అని వేరుకాపురాలుండేవి కదా, అందర్నీ బైనరీ_ఆప్ అనే ఒక్క పొయ్యి దగ్గరికి చేర్చారు. సంతోషం. అదే చేత్తో మళ్లీ గోడలు కట్టారు! ఓ చోటికి వరసగా పూర్ణాంకాలే వస్తుంటే అక్కడది బైనరీ_ఆప్_యాడ్_ఇంట్ అని పేరు మార్చుకుంటుంది. ఎప్పుడైనా స్ట్రింగ్ (అక్షరాల వరస) తగిలితే నాలిక్కరుచుకుని పాత పద్ధతికి పోతుంది. 3.10 కంటే సగటున 25 శాతం వేగం అన్నారు. కాదనను, నా లూపులూ చురుగ్గానే తిరిగాయి.

కానీ బైనరీ_యాడ్ అనే పాత కూడిక సూచనని పేరుపెట్టి వెతికే చిన్న టూలొకటి ఆఫీసులో రాసిపెట్టి ఉన్నాను. అప్‌గ్రేడ్ చేసిన మర్నాడు ఏ ఫైల్ చూపించినా "కూడికలు: 0" అంది. బిల్లులు మొత్తం వేసే ఫైల్‌కి కూడా సున్నాయే! బైట్‌కోడ్ ఎప్పుడైనా మారుతుందని డాక్యుమెంటేషన్‌లో రాసే ఉంది. అది చదివే బుద్ధే ఉంటే ఈ ఉత్తరం ఎందుకు?

పైగా ఇప్పుడు మిమ్మల్ని చేత్తో రాసేవాళ్లే లేరు. 3.12 నుంచి బైట్‌కోడ్స్.సీ అనే ఫైల్లో ఏ సూచన స్టాక్ (విలువల దొంతర) మీంచి ఏం తీస్తుందో, ఏం చేస్తుందో, ఏం పెడుతుందో రాసిస్తే చాలు. కేసులన్నీ యంత్రమే అచ్చు పోసి, పైన "సవరించవద్దు" అని బోర్డు తగిలిస్తుంది.

3.14 వచ్చేసరికి మీకే ఎసరు పెట్టారు. ప్రతి కేసూ ఓ చిన్న ఫంక్షన్, ఒకదాన్నుంచి ఇంకోదానికి టెయిల్ కాల్, అంటే తన పని ముగిస్తూనే తర్వాతిదాన్ని పిలిచి తప్పుకోవడం. 9 నుంచి 15 శాతం వేగం అని మొదట చాటించారు. తీరా చూస్తే పోల్చిన పాతదానిలోనే లోపం. పదిహేనేళ్లుగా వాడుకున్న ఆ దొడ్డిదారులన్నిటినీ క్లాంగ్ 19 చడీచప్పుడు లేకుండా మళ్లీ ఒకే గేటుకి కలిపేసింది! లెక్క సరిచేస్తే 3 నుంచి 5 శాతం తేలింది. ఆ రోజు మీరెంత నవ్వుకున్నారో ఊహించగలను.

నా టూల్ బాగుచేసుకున్నాను. ఈసారి పేర్లు మార్చేముందు ఓ కార్డుముక్క పడేయించగలరు.

ఇట్లు,
తమ కిటికీ ముందు నిత్యం నెంబరు చెప్పుకునే
ఒక ఫర్ లూపు యజమాని